సున్నంలోకి ఎముక

కోపమొస్తే మా పెదనాన్న మాలకొండయ్యది
ఒకటే మాట:
"సున్నంలోకి ఎముక మిగలదురోయ్!"
గొడ్లను తోలేటప్పుడూ అదే,
పేకాటలో ఓడినా అదే.

కనిగిరి చుట్టూ ముప్పై ఊళ్లలో బావులు తవ్విన మనిషి.
ఏ బావిలో జల పడ్డా
మొదటి దోసిలి ఆయనదే.
తియ్యగా ఉన్నాయనేవాడు.
ఇప్పుడు నడుం వంగిపోయి, మెడ తిరగక
కళ్లు ఎప్పుడూ నేల మీదే,
ఇంకా జల వెతుకుతున్నట్టు.
మబ్బు పట్టిందో లేదో
నన్నడిగి తెలుసుకుంటాడు.

పొద్దుగూకితే బకెట్ ముందు కూర్చుంటాను.
బోరు నీళ్లు రెండు బిందెలు.
చింతగింజంత గుల్ల సున్నం
మజ్జిగలా కలిపి పోస్తాను,
ఆ వెనక పటిక నీళ్లు.
అరవై లెక్కపెట్టేదాకా గిరగిరా,
తర్వాత ఉయ్యాల ఊపినంత నెమ్మదిగా.
విరిగిన పాలలా తరకలు లేస్తాయి,
ఒకదాన్నొకటి పట్టుకొని
బరువెక్కి దిగిపోతాయి.
గంట.
ఆ గంటసేపు బకెట్‌ను ఎవరూ కదపకూడదు.
మేకపిల్లకు ఈ సంగతి తెలియదు.

"ఏందే ఈ చప్పిడి నీళ్లు?
నా బావుల్లో నీళ్లు ఎట్టా ఉండేయి!"
నేను బదులు చెప్పను.
బావులను తిడితే ఆయన్ని తిట్టినట్టే.

సున్నం అమ్మే పోలమ్మది ఇసకపల్లి వైపు.
ఉప్పుటేట్లో నడుంలోతున నిలబడి
కాళ్లతో తడిమి గుల్లలేరుతుందట.
"గుల్లంటే ఏందనుకున్నావు,
పురుగు ఎముకే గదా" అంది
తూకం వేస్తూ.
ఆ రాత్రి గరిటె తిప్పుతున్న చెయ్యి ఆగింది.
పెదనాన్న మాటను లోపలే తిరగేసుకున్నాను.
పైకి అనలేదు.

అడుగున మిగిలిన మడ్డిని దొడ్లో పారబొయ్యను,
గొయ్యి తీసి పూడుస్తాను.
ఎక్కడ తియ్యాలో, ఎంత లోతో
చెప్పేది మాత్రం ఆయనే,
కట్టెతో నేల మీద గీసి:
"మూరెడు చాలదు. ఇంకా దిగు."

కిందటి నెల మా రూతుకు పాలపన్ను ఊడింది.
రేకుల మీదికి విసిరితే టంగుమంది.
ఇప్పుడు ఆ సందులో
బియ్యపు నూకంత మొలక.
ఫోను లైటు వేసి చూశాను,
తెలుపో, గారో.

"నన్ను చూడనియ్" అన్నాడు పెదనాన్న.
ఒంగిన ఆయన మొహం
సరిగ్గా పిల్ల నోటి ఎత్తున ఉంటుంది.
చాలాసేపు చూశాడు.

"రేపు ఎండలో చూద్దాం" అని
బకెట్ మీద మూత సర్దాడు.