మెట్ల కింద నాలుగడుగులు

ఫ్యాక్టరీలో నాది పదకొండో కుర్చీ.
పదో కుర్చీ దాకా ఏం జరుగుతుందో తెలీదు,
పన్నెండు దాటినాక బోర్డు యాడికి పోతుందో ఎవరూ చెప్పరు.
ఒక స్క్రూ. ఎడమ మూలన. రోజుకు రెండువేల సార్లు.
రేణిగుంట నుంచి బస్సులో వస్తా ఉంటే
వేళ్ళు ఉత్త గాలికి కూడా బిగిస్తూనే ఉంటాయి.

అందుకే కొర్లగుంటలో, రెడ్డెమ్మక్క ఇంటి మెట్ల కింద,
చీపుర్లూ తెగిన చెప్పులూ పక్కకు జరిపి
నాలుగడుగుల జాగా అడిగి తీసుకున్నా.
నిలబడితే తల తగులుతుంది.
కూర్చుంటే రాజ్యం.

బల్ల, ఎవరిదో పాత తలుపు. గొళ్ళెం అట్నే ఉంది,
సోల్డరింగ్ ఐరన్ తీగ దానికే తగిలిస్తా.
మూడొందల యాభైకి మల్టీమీటరు.
పాత సామాన్ల వలీ భాయ్ తూకానికిచ్చిన కంప్యూటర్ సప్లై:
ఆకుపచ్చ తీగను నల్లదానితో కలిపితే ఫ్యాను కదిలింది.
పన్నెండు, అయిదు, మూడు పాయింట్ మూడు,
ఒక్క డబ్బాలోనే.
ఆ రాత్రి అన్నం తిన్నానో లేదో గుర్తులేదు.

రెసిస్టర్లు అగ్గిపెట్టెల్లో. కెపాసిటర్లు సున్నపు డబ్బీల్లో.
గోడకు అరవై వాట్ల సిరీస్ బల్బు,
ఏ పాత వస్తువైనా ముందు దాని గుండా పోవాల్సిందే.
మసగ్గా వెలిగితే బతుకుంది,
భగ్గుమంటే లోపల షార్టు.
మా సూపర్‌వైజర్ని ఒకసారి తగిలించి చూడాలనుంది.

గుగ్గిలం పొగ మెట్లెక్కి పైకి పోయింది.
"ఏం మేయ్ మునీశ్వరీ, ఏ సామికి సాంబ్రాణేస్తాండావు?"
మూడోనాడు కరెంటు బిల్లు పట్టుకుని దిగింది అక్క,
నా వల్లే ఇంతొచ్చిందంట, నెలకు రెండొందలు ఎక్కువియ్యాలంట.
క్యాలెండరు కాగితం వెనక లెక్క గీసిచ్చా:
ఇరవై అయిదు వాట్లు, రోజుకు రెండు గంటలు,
నెలకు ఒకటిన్నర యూనిట్టు.
కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని,
ఏమీ అనకుండా పైకి పోయింది.

తెల్లారి బల్ల మీద
చీరపేలికలో చుట్టిన రేడియో.
ఎవరిదని నేను అడగలేదు.
"ఇది పలికి పన్నెండేండ్లాయ" అని
మెట్ల మీద నుంచే చెప్పింది.

బల్బుకు తగిలించా. మసగ్గా వెలిగింది.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం. వెనక మూత తీసి ఉంది.
లోపల అంతా కనబడుతోంది,
తీగ యాడ మొదలైందీ, ఏ దారిన పోయిందీ, యాడ తెగిందీ.
ఎడమ మూలన ఒక స్క్రూ వదులుగా ఉంది.
దాన్ని మాత్రం
చివరికి ఉంచుకున్నా.