మైకుల లేని మాట

గండిపేట గేట్లు ఎత్తిన్రని
మూసానగర్ గల్లీలల్ల
ఆటో మీద మైకు కట్టుకొని
పొద్దటి సంది తిరుగుతున్న.
రికార్డు చేసిన గొంతు నాదే,
మూడో గల్లీకి నాకే పరాయిదైంది.

జుబేదా బీ కుట్టుమిషన్ మీంచి తల ఎత్తలే.
గడప ముందర ఇటుక మీద ఇటుక పేర్చింది.
మొదటి ఇటుకను నీళ్లు నాకుతున్నయి.
"పదకొండు జాకెట్లున్నయ్ బేటా, ఎల్లుండి పెండ్లివి.
తడిస్తే నన్నడుగుతరు. మూసీని అడుగరు గద."

జాకెట్లు ఆటోల ఏసుకుంటనన్న.
"మిషనో?"
మిషన్ గూడ ఎత్తుతనన్న.

దారం పంటితో తెంపి
బయటి గోడ దిక్కు చూపించింది.
మొన్న ఎవరో ఎర్రరంగుతోని రాసిపోయిన నంబరు.
దాని మీద ఎలక్షన్ల ఫ్లెక్సీ ముక్క కట్టింది.
ఫ్లెక్సీ చిన్నది,
చివరి అంకె బయటికే ఉన్నది.

"పోయినేడు ఫంక్షన్ హాల్ల మూడు రాత్రులు పండినం.
పులిహోర పెట్టిన్రు, ఫొటోలు దిగిన్రు.
తిరిగొచ్చేసరికి బాలామణి ఇల్లు లేదు.
నీళ్లు కాదు తీస్కపోయింది.
నీళ్లయితే బురదన్న మిగిలిస్తయి.

నీ మైకుల పొమ్మన్నది ఉన్నది.
మళ్ల రానిస్తమన్నది ఉన్నదా?"

మైకు బంద్ చేసిన.
చాదర్‌ఘాట్ వంతెన మీద జనం
ఫోన్లు పైకెత్తి వరదను చూస్తున్నరు.
రెండో ఇటుక రంగు మారుతున్నది.

మిషన్ చప్పుడు మళ్ల మొదలైంది.
ఆ చప్పుట్లకెల్లే అన్నది:
"ఆటో మాత్రం తిప్పి పెట్టుకో బేటా,
మొఖం రోడ్డు దిక్కు."