ఇరవై నాలుగు గంటల డబ్బా

ఫ్రిజ్‌లో మాబీ సీసా పక్కన
నారింజ రంగు డబ్బా.
మూత మీద నా పేరు, ఎర్మీన్ గిటెన్స్.
మొదటిది పారబొయ్యమన్నారు, లెక్కలోకి రాదట.
నిన్న ఆరు నుంచి ఇవాళ ఆరు దాకా
మిగతాదంతా ఇందులోనే ఉంది.
"జ్యూసా అమ్మా?" అన్నాడు కెమార్.
కాదురా, అమ్మ పరీక్ష రాస్తోంది.

మొదట కనిపించింది నురగ.
ఓయిస్టిన్స్ ఒడ్డున పుట్టినదానికి నురగ కొత్తా?
కెరటంతో వస్తుంది, ఇసుకలో ఇంకిపోతుంది.
ఇది ఇంకలేదు.
నీళ్లు కుమ్మరించి,
నా చెప్పుల్లో పాదాలు పట్టక
మార్వా చెప్పులు తొడుక్కుని
చేపలు కొయ్యడానికి పోయాను.

లూపస్ అంటే తోడేలట.
ఈ దీవిలో తోడేళ్లు లేవు డాక్టర్,
కోతులున్నాయి, ముంగిసలున్నాయి.
ఆయన నవ్వలేదు.
కాగితం మీద దారపు ఉండలాంటిది గీసి
జల్లెడ అన్నాడు.
జల్లెడ కాదు, వల.
మా నాన్న వలకన్నులో బొటనవేలు దూర్చి కొలిచేవాడు.
ఏది ఉంచుకోవాలో ఏది పోనివ్వాలో
వలకే తెలియాలనేవాడు.
నా కన్నులు సాగిపోయాయి.
రోజుకి మూడున్నర గ్రాముల నేను
నాలోంచి జారిపోతున్నాను.
చింపింది సొరచేప కూడా కాదు,
కాపలాకి నేను పెంచుకున్నవాళ్లే.

వీపులో సూది దించి
ముల్లంత ముక్క తీశాడు.
రోజుకి ఆరువందల ఎగిరే చేపల ముల్లు తీసే చేతులు నావి.
బోర్లా పడుకునే చెప్పాను,
చెయ్యి తిరిగినవాడే.

వారం తర్వాత చెప్పాడు, క్లాస్ ఫోర్.
మా బళ్లో ఆఖరి తరగతి అదే.
నేను రెండేళ్లు చదివాను.

ఎండ తగలకూడదు.
రేకుల కింద నా బల్ల మీదికి
రెండింటికి ఎండ ఏటవాలుగా వస్తుంది,
బల్లని జరుపుతాను, మళ్లీ జరుపుతాను,
నాలుగింటికి పక్కవాడి కొట్టులో ఉంటాను.
ఉప్పు మానెయ్యాలి.
గాలే ఉప్పు ఇక్కడ.
మాత్రలకి మొహం గుండ్రమైంది.
"ఒళ్లు చేశావే, సుఖపడుతున్నావు!"
అన్న మనిషికి
ఒక చేప తక్కువ తూచాను. తప్పే.

మార్వా నిన్న రాత్రి
నేను అడక్కుండానే
తన రక్తం గ్రూపు చెప్పింది.
విననట్టు
కత్తి కడుగుతూ నిలబడ్డాను,
కడిగిన కత్తినే.

ఇప్పుడు బ్రిడ్జ్‌టౌన్ వ్యానులో
ముగ్గురి సీట్లో ఐదుగురం.
పాట హోరు, పక్కావిడ మోచెయ్యి నా డొక్కలో.
"ఏంటమ్మా అంత జాగ్రత్తగా పట్టుకున్నావు?"
నిన్నటి రోజు, అన్నాను.
ఆవిడకి వినపడలేదు.
మలుపులో వ్యాను ఒరిగింది.
రెండు చేతులా అదుముకున్నాను.
ఫ్రిజ్ చలి వదిలి
ఒళ్లో మెల్లగా
వెచ్చబడుతోంది.