మామిడిపండు పొగ

బెంగళూరు నుంచి మస్తాను తెచ్చిచ్చినాడు
పెన్నంత గొట్టం.
"దీనికి అగ్గిపెట్టె పన్లే, ఛార్జింగు పెట్టుకో సాలు."

తాడిపత్రిలో, బండల పాలిష్ మిషన్ పక్కన
మొదటి దమ్ము గట్టిగా లాగితే
దగ్గు కడుపులోంచి తన్నుకొచ్చింది.
"మెల్లగా మామా, ఇది సిగరెట్టు కాదు."

కాదు.
బూడిద రాలదు. ఎప్పుడైపోతాదో తెలీదు.
వేలు కాలితే కదా ఆపేది.

చెయ్యి మాత్రం ఇరవై ఏండ్ల అలవాటుకు
జేబులో అగ్గిపెట్టె తడుముతాది.
టీ అంగడికాడ ఓబులేసు
"అగ్గుందా?" అనడిగి,
గొట్టం చూసి పక్కకు తిరిగినాడు.
సగం కాల్చి సగమిచ్చుకున్నోళ్లం.

రాత్రి మద్దమ్మ ముక్కెగబీల్చి,
"మామిడిపండు వాసనొస్తాండాది,
ఈ కార్తీకంలో యాడ తిన్యావు?" అనింది.

కరెంటు పోయింది.
గొట్టం కొసన నీలి దీపం
రెండుసార్లు మినుక్కుమని ఆరిపాయ.
చీకట్లో ఇద్దరం అగ్గిపెట్టె ఎతుకుతున్నాం,
ఆమె దీపానికి.