గుర్రం పట్టుకుని నిలబడ్డవాడు

మా చిలోయే దీవిలో వాన కురవదు,
ఉంటుంది,
ఇంట్లో ముసలత్త ఉన్నట్టు.

అలాంటి ఒక గురువారం
ఆల్చిప్పల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు దిగి
వేళ్ళ సందుల్లో ఉప్పు ఇంకా మండుతుండగా
నలభై పేజీల నోటుబుక్కు స్వెటర్ లోపల దాచుకుని
ఎడెల్మీరా బర్రియా తలుపు కొట్టాను.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె రేడియోలో కబుర్లు చదివింది,
ఫోన్లు లేని చిన్న దీవులకి, సాయంత్రం ఆరున్నరకి.
"అలావో దీవిలో మన్సియా వారింటికి:
అమ్మకి ఆపరేషన్ అయింది.
శుక్రవారం పడవకి వస్తోంది.
గుర్రంతో రేవులో ఉండండి."
మాటకింత అని కట్టేవారు జనం.
అందుకే ఒక్క మాటా ఊరికే వచ్చేది కాదు.

నేను రాసిందేమో అంతా ఊరికే వచ్చిందే.

ఒక కాడ దారంతో కట్టిన కళ్ళద్దాలు పెట్టుకుంది.
ఒకటో పేజీ. రెండు. ఏడు.
పొయ్యి వైపు చూశాను. పిల్లి వైపు చూశాను.
పిల్లి నా వైపు చూడలేదు.
పదకొండో పేజీలో ఆమె వేలు ఆగింది:

"గుమ్మంలో నాన్న బూట్లు.
ఎవరూ జరపరు.
ఊడ్చేటప్పుడు చీపురే తప్పుకుంటుంది."

"ఇదిగో, ఇక్కడ మొదలైంది" అంది.
"ముందున్న పది పేజీలూ గొంతు సవరించుకున్నావు.
తప్పేం కాదు, నేనూ సవరించుకునేదాన్ని.
మైకు ఆపి."

చెవులు కాలాయి. అయినా అడిగాను,
"నాకు రాయడం వస్తుందంటారా?"
బంగాళదుంప పిండి పిసుకుతూ నవ్వింది.
"పొంగుతావా అని పిండిని అడుగుతామా?
వెచ్చటి చోట పెట్టి, గుడ్డ కప్పి
మన పని మనం చూసుకుంటాం."

ఆ తర్వాత పిండి చేతులతోనే, ముక్కలు ముక్కలుగా:
షిఫ్టుకి ముందు రాయి.
తర్వాత రాసేది నువ్వు కాదు, నీ అలసట,
అది సాకులు చాలా బాగా రాస్తుంది.
తర్వాతి వాక్యం నోట్లో ఉండగానే లేచిపో,
రేపటికి నిప్పు నివురు కింద దాచినట్టు.
పైకి చదువు, వినేవి కోళ్ళయినా సరే;
నీకు ఊపిరాడని చోట వాక్యానికీ ఆడదు.
ఇంకోటి,
సముద్రం అని ఇరవైసార్లు రాశావు,
ఆ రోజు దాని రంగేమిటో
ఒక్కసారైనా రాశావా?

జవాబు చెప్పలేదు. ఆ రోజంటే ఏ రోజో
ఇద్దరికీ తెలుసు.

రొట్టె పొయ్యిలోకి వెళ్ళింది.
ఆమె చేతులు కడుక్కోలేదు.
"ఒకసారి, కొత్తలో,
ఒక కబురు మరీ పొడిగా ఉందని
నేనే రెండు తియ్యటి మాటలు కలిపాను.
ఆ ఊపులో రోజు చెప్పడం మరిచాను.
ఒక మనిషి గుర్రం పట్టుకుని
మూడు రోజులు రేవులో నిలబడ్డాడు, ఈ వానలోనే.

నువ్వు రాసేటప్పుడల్లా
అక్కడొకడు ఉంటాడు, గుర్రంతో.
వాడికి వాన గురించి చెప్పకు,
తడుస్తూనే ఉన్నాడు.
ఎవరు వస్తున్నారో చెప్పు."

రొట్టె అడుగు మాడింది. ఇద్దరం తిన్నాం.
వెళ్ళేటప్పుడు అడిగింది,
"ఆ పది పేజీలు రేపు పొయ్యి రాజేయడానికి ఉంచనా?"
ఇవ్వలేదు.
అంత ధైర్యం ఒక్క రాత్రిలో రాదు.

తెల్లవారుజామున నాలుగూ నలభై.
వంటింటి బల్ల. మొద్దుబారిన పెన్సిలు.
ఒక్క రంగు కోసం ఇరవై నిమిషాలు కూర్చున్నాను.
బూడిద అని రాసి కొట్టేశాను.
సీసం అని రాసి కొట్టేశాను.
కడిగిన చేప కడుపు లోపలి...
ఫ్యాక్టరీ బస్సు హారన్ కొట్టింది.

తెలిసి ఆపలేదు,
ఆగింది మాత్రం మంచి చోటే.
షిఫ్టంతా ఆ సగం వాక్యాన్ని
నాలుక కింద పెట్టుకు తిరిగాను,
ఉప్పు గల్లులా,
కరిగిపోనివ్వకుండా.