చెకుముకి

ఏడు తెగలకూ ఒకటే నిప్పు.
ఏ తెగా లేనివాళ్ళం కాబట్టి
దాన్ని మోసే పని మాది.

చలికాలానికొక గుడారం మారతాడు ఉమ్రు దేవుడు.
నిరుడు ఓర్షుల దగ్గర, ఈ ఏడు తెమ్రాల దగ్గర.
మట్టికుండలో బూడిద పరిచి
జడలబర్రె పిడక మీద గుప్పెడు కణికల్ని పడుకోబెట్టి
కడుపుకి కట్టుకుని నడుస్తాను.
చూసినవాళ్ళు నెలలు నిండాయనుకుంటారు.

ఓర్షులు ఆయన్ని తండ్రి అంటారు.
తెమ్రాలు కోడలు అంటారు,
వాళ్ళ కథలో నిప్పు ఆడది, పుట్టింటి మీద అలిగి వచ్చింది.
ఖావెల్లు పేరే పెట్టరు,
నాలుక కొరుక్కుని కళ్ళు దించుకుంటారు.
ఈ తేడాల మీద మా తాతల కాలంలో
నాలుగు వందల గుర్రాలు చచ్చాయి.
మనుషుల లెక్క ఎవరూ పెట్టలేదు.
గుర్రాలకైతే పరిహారం ఉంది.

కుండ నాకప్పగించిన రోజు
వెద్రా అవ్వ దాంతోపాటు ఒక చెకుముకిరాయి ఇచ్చింది.
దేనికవ్వా అంటే
"దారిలో గంజి కాచుకోవూ?" అంది.
నవ్వలేదు.

ఆ మొదటి ఏడే, ఝెల్ కనుమ దగ్గర, మూడు రాత్రులు మంచు.
మూడో రాత్రి నిద్రపోయాను.
అంతే. దానికి పెద్ద కథేం లేదు.
పిశాచం రాలేదు, ద్రోహి రాలేదు,
ఒళ్ళు అలిసింది.
లేచేసరికి కుండ చల్లగా ఉంది.
చెయ్యి పెట్టి కెలికాను:
బూడిద, బూడిద, కింద ఇంకా బూడిద.
దేవుడు పోతే ఏడవాలని కూడా తోచలేదు,
పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే.
గంజికన్నట్టే రాయి తీశాను.
అప్పుడు చూశాను దాని అంచు,
అరిగి అరిగి
పళ్ళూడిన చిగురంత నున్నగా.

ఎన్ని గంజులు కాచి ఉంటుంది అవ్వ?

ఆ నిప్పు మీదే చెయ్యి చాపి
తెమ్రాల పెద్ద బర్ఖూన్ ఓర్షులతో సంధి చేసుకున్నాడు.
పదకొండు చలికాలాలు నిలిచింది.
దాని చుట్టూ తిప్పే ఓర్షుల పిల్లని కోడలిగా తెచ్చుకున్నాడు.
ఆమెకిప్పుడు కవలలు.
నిప్పు తండ్రని ఒకడు, కోడలని ఒకడు
జుట్లు పట్టుకుంటారు.
ఆమె ఇద్దర్నీ ఒకే గరిటెతో కొడుతుంది.

ఈ ఏడు గడ్డి తక్కువ.
గడ్డి తక్కువైన ఏడే దేవుడికి మైల అంటుతుంది.
నిప్పు నడుమ ఆరిపోయిందని
ఖావెల్ల పూజారికి కల వచ్చిందట.
నిప్పు ఆరితే సంధి లేదు,
సంధి లేకపోతే ఎగువ లోయ పచ్చిక
ఎవరిదైనా కావచ్చు.
కల తప్పని నేనెలా అనను?

ఏడుగురు పెద్దలూ కూర్చున్నారు.
"చెయ్యి పెట్టి చెప్పు.
అబద్ధమైతే కాలుతుంది."
వెనక వరసలో వెద్రా అవ్వ
చూపులేని కళ్ళతో ఆవలిస్తోంది.

పెట్టాను.
ఎప్పుడూ ఆరలేదన్నాను.

కాలింది.
కమురు వాసన గుడారమంతా.
ఏడుగురూ ముందుకు వంగారు.
పూజారి నోరు తెరిచేలోపు
బర్ఖూన్ కోడలు లేచింది, గరిటె చేత్తోనే.
"నిప్పు కాలదా మరి?
నిజం మాత్రమే చెప్పిన చెయ్యి
మీలో ఎవరిదైనా ఒకటి పెట్టి చూపించండి."

ఒక్కరూ లేవలేదు.
ఒకాయన చేతులు చొక్కాలోకి లాక్కున్నాడు.
కాసేపటికి మాట పచ్చిక మీదకి వెళ్ళింది,
మొదటిసారి పచ్చిక అనే పేరుతోనే.
తెల్లారేదాకా అరుచుకున్నారు.
కత్తులు మాత్రం బయటి గుంజకే వేలాడాయి.

బయట అవ్వ నా చేతికి వెన్న రాసింది.
రాస్తున్న ఆమె ఎడమ అరచేతిలో
ఒక్క గీతా లేదు.

"ఏ చెయ్యే?" అంది తడుముతూ.
కుడి, అన్నాను.
"పిచ్చిదానా,
రాయి కొట్టే చెయ్యి పెడతారా ఎవరైనా?"