ఖాళీ వలయం

మస్తాన్‌వలి కొట్లో వాడి మిగిలిన తమలపాకులు
రెండు కిలోలు, ఊరికే ఇచ్చాడు.
"నూనె తీస్తారా? దీన్లోంచా?" నవ్వాడు,
నోరంతా ఎర్రగా.

నాలుగు గంటలు ఆవిరి.
బ్రాడీపేట మూడో లైన్లో కరెంటు పోయి వచ్చింది.
గాజుగొట్టం చివర
కంటి తడంత పసుపు.
లవంగం ఘాటు, కాస్త కారం,
గుంటూరు గాలి కదా.

పురుగుతో, బూజుతో ఆకు పెట్టుకున్న తగాదా ఇది.
మనం పరిమళమన్నాం.

తెల్లారి మూత తీశాను.
పాచిలా పరుచుకున్న సూక్ష్మజీవుల మధ్య
చుక్క వేసిన చోట గుండ్రంగా ఏమీ లేదు.
స్కేలు పెట్టి కొలిచాను: పద్దెనిమిది మిల్లీమీటర్లు.

సాయంత్రం వలికి చెప్పాను.
సున్నం రాస్తూ, తలెత్తకుండా,
"పంటినొప్పికి మా అమ్మ ఇదే నలిపి పెట్టేది."
ఆకు మడిచి చేతిలో పెట్టాడు.
డబ్బులు తీసుకున్నాడు, ఈసారి.